నల్ల బానెట్ మీద ఓనమాలు

భివండీలో నల్ల కారు కొనవద్దని నాకు చెప్పనివాళ్లు లేరు. మా శాంతి నగర్ గల్లీలో ఏ వస్తువును రాత్రి బయట పెట్టినా తెల్లారేసరికి దాని రంగు మారిపోతుంది. గల్లీకి రెండు వైపులా కార్ఖానాలే. వాటిలో పగలూ రాత్రీ మరమగ్గాలు ఆడుతుంటాయి. మేము వాటిని సాంచాలంటాం. సాంచా ఆడినంతసేపూ నూలు నుంచి సన్నని నుసి లేస్తూనే ఉంటుంది. అది కిటికీల్లోంచి బయటికి వచ్చి, లారీలు రేపిన రోడ్డు దుమ్ముతో కలిసి, చోటు దొరికిన చోటల్లా కూర్చుంటుంది. మా గోడ మీది కరెంటు తీగలకు కూడా తెల్లటి మీసాలు మొలిచి ఉంటాయి.

అయినా నేను నల్లదే కొన్నాను. సెకండ్ హ్యాండ్‌ది. ఠాణేలో ఎవరో డాక్టరు వాడుకున్న బండి. ఆయన దాన్ని ఎంత అపురూపంగా చూసుకున్నాడో గానీ, తలుపు ముందు నిలబడితే నా మొహం, చొక్కా గుండీలతో సహా, అందులో కనిపించింది. కార్లు అమ్మే ఆ దుకాణంలో పక్కనే తెల్లదీ, బూడిద రంగుదీ ఉన్నాయి. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని వాటివైపు లాగింది. నేను కదల్లేదు. పుట్టినప్పటి నుంచీ మా ఇంటి కింద అంతస్తులోని మా కార్ఖానాలో తెల్లని కోర బట్టే చూస్తూ పెరిగినవాణ్ని. తెల్లనిది కానిదేదైనా ఒకటి నాకుండాలనిపించింది కాబోలు.

కారు ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున మెట్లు దిగి చూస్తే గల్లీలో నా కారు లేదు. దాని చోట ఉన్ని కత్తిరించని గొర్రె ఒకటి పడుకుని ఉంది. మా అమ్మ అప్పటికే మెట్ల మీద కూర్చుని దాన్ని చూస్తోంది. ఆమె వయసులో ఉన్నన్నాళ్లూ సాంచాల పక్కనే కండెలు చుట్టింది. ఆ చప్పుడుకు చెవులు కాస్త మందగించి, గొంతు పెద్దదైంది. ఆమె మామూలుగా మాట్లాడినా సగం గల్లీకి వినిపిస్తుంది.

"నల్లది తెచ్చిన అన్నవు గదరా. ఇదేంది, నా నెత్తి లెక్కనే ఉన్నది" అంది.

నాకు నవ్వూ వచ్చింది, రోషమూ వచ్చింది. కార్ఖానాలోకి వెళ్లి, మిషన్లు తుడిచే గుడ్డపీలికలు గుప్పెడు తెచ్చి, బానెట్ మీద గట్టిగా ఒక్కసారి రుద్దాను. అంతే, ఎదురింటి పైనుంచి ఒక కేక వినిపించింది.

"రుకో, రుకో, రుకో."

ఎదురింట్లో ఉండేది ఒక మరాఠీ పెద్దాయన. సర్కారు బస్సు నడిపి రిటైరయ్యాడు. గల్లీలో అందరికీ కాకా. బ్రష్షు నోట్లోనే ఉంచుకుని, బనీను మీదే కిందికి వచ్చేశాడు. ఆయన మాట సగం మరాఠీ, సగం హిందీ. తెలుగులో చెప్పాలంటే ఆ పొద్దున ఆయన నాతో అన్నది ఇది: "భావూ, నువ్వు కారు తుడవడం లేదు. గరుకు కాగితంతో గోకుతున్నావు."

"మెత్తటి నుసే కదా కాకా" అన్నాను.

ఆయన నా చేతిలోని పీలిక లాక్కుని, దాన్ని నా బుగ్గ మీద రాశాడు. చురుక్కుమంది. "నుసి మెత్తనే. దాని కింద రోడ్డుది ఇసుక ఉంది. నా మొదటి బండిని నేను ఇట్లాగే పాడు చేసుకున్నాను. ఎండలో నిలబెడితే దానిమీద సాలెగూడు కట్టినట్టు ఉండేది. మా ఆవిడ దాన్లో కూర్చోవడానికి సిగ్గుపడేది" అని, నుసి సంగతి మరిచిపోయి, ఆ బండి కథంతా చెప్పాడు. చివరికి, వచ్చే ఆదివారం నల్లా నీళ్లు వచ్చే వేళకు సిద్ధంగా ఉండమని చెప్పి పోయాడు.

ఆ ఆదివారం ఆయన కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు. మొదట నా వేలి ఉంగరం తీయించాడు. తర్వాత గడియారం. తర్వాత నడుముకున్న బెల్టు వైపు చూసి, దాని బకిల్ తలుపుకు తగులుతుందని, ప్యాంటు మార్చుకుని లుంగీలో రమ్మన్నాడు. నేను లుంగీ కట్టుకుని వచ్చేసరికి గల్లీలో సగం మంది మెట్ల మీదికి చేరారు.

"ఇప్పుడు నీళ్లు పొయ్యి. చెయ్యి పెట్టకు. పైనుంచి కిందికి పొయ్యి. విసరకు, జారనియ్యి."

పోశాను. తెల్లటి నుసి ముద్దలు ముద్దలుగా అద్దం మీంచి జారింది. కాసేపు ఆగమన్నాడు. మళ్లీ పోయించాడు. చెయ్యి పెట్టకుండా నిలబడడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. ఒక మూల మట్టి చుక్క అంటుకుని ఉంటే వేలు దానంతటదే ముందుకు పోతుంది. కాకా మాత్రం దాన్ని నాననియ్యమంటాడు, దానంతటదే వస్తుందంటాడు. నిజంగానే వచ్చింది. ఇసుకంతా నీళ్లతో పోయాకే గుడ్డ ముట్టుకోవాలట. బకెట్లు రెండు ఉండాలట. ఒకదాంట్లో సబ్బు నీళ్లు, ఇంకోదాంట్లో మంచినీళ్లు. గుడ్డ సబ్బులో ముంచడం, కారు మీద నడపడం, మంచినీళ్లలో జాడించి మట్టి వదిలించి మళ్లీ సబ్బులో ముంచడం. ఒకే బకెట్టైతే కారు మీంచి తీసిన మట్టినే మళ్లీ కారుకు పూసినట్టవుతుందన్నాడు.

సబ్బు దగ్గర కాసేపు గొడవైంది. మా ఆవిడ బట్టల పౌడరు తెచ్చింది. కాకా వద్దన్నాడు, అది మెరుపును తినేస్తుందట. గిన్నెల సబ్బు తెచ్చింది. అదీ వద్దన్నాడు. ఆమె కోపంగా లోపలికి పోయి తన షాంపూ సీసా తెచ్చి గోడ మీద పెట్టింది. "ఇగో, నా నెత్తికి లేకున్నా మంచిదే, మీ కారుకు వొయ్యండ్రి" అంది. ఇది మాత్రం పనికొస్తుందన్నాడు కాకా, ఇవాళ్టికి కానిచ్చి తర్వాత బైపాస్ దగ్గరి దుకాణంలో కార్ల షాంపూ కొనుక్కొమ్మన్నాడు. అయితే ఆయన చెప్పినవన్నీ మేము వినలేదు. బస్సులకు మెరుపు రావాలంటే చివరి నీళ్లలో కాస్త కిరోసిన్ కలిపేవాళ్లమంటూ ఆయన ఇంటివైపు బయల్దేరితే మా ఆవిడ అడ్డం నిలబడింది.

తర్వాత గుడ్డ కావాలి. దానికేం, బట్ట నేసే ఇల్లు మాది అనుకుని, కార్ఖానాలోంచి కొత్త తానులో ముక్క ఒకటి గర్వంగా కోసుకొచ్చాను. కాకా దానిమీద గోరుతో గీశాడు. కర్రుమని చప్పుడొచ్చింది. నూలుకు పట్టిన గంజి అది. ఇన్నేళ్లుగా ఊళ్లకు ఊళ్లు కట్టుకునేంత బట్ట నేశాం, నా కారు తుడవడానికి అందులో జానెడు పనికిరాలేదు.

"కట్టి కట్టి మెత్తబడిన గుడ్డ కావాలి" అన్నాడు కాకా.

ఆ మాట నేను అమ్మకు చేరవేస్తే ఆమె మొహం మాడ్చుకుంది. "ఒంటికి కట్టుకున్న చీరెతోని బండి తుడుస్తర ఎవలన్న?" అంది. కాసేపటికి తానే లేచి లోపలికి పోయి, ఏళ్ల తరబడి ఉతికి ఉతికి రంగు ఏదో కూడా తెలియని నూలు చీర ఒకటి తెచ్చి, అందరి ముందే పర్రున చింపి నా చేతిలో పెట్టింది. "పట్టు. గంజి లేదు, బొంజి లేదు."

గుడ్డను గుండ్రంగా తిప్పకూడదు, ముందు నుంచి వెనక్కి సూటిగా నడపాలి అన్నాడు కాకా. అది నాకు చెప్పక్కర్లేదు, పడుగు ఎటు పోతుందో చూస్తూ పెరిగినవాణ్ని. పైకప్పు, అద్దాలు, బానెట్, తలుపులు, ఆఖరుకు చక్రాలు. చక్రాలకు వేరే గుడ్డ. పొరపాటున గుడ్డ చేతిలోంచి జారి నేల మీద పడితే అది ఇక చక్రాలకే, మళ్లీ పైకి రాకూడదు. కడిగాక ఆరనివ్వకుండా పొడి గుడ్డ పరిచి, మెల్లగా లాగి తడి తీయాలి. అంతా అయ్యాక చూస్తే ఎదురింటి దండెం మీద ఆరేసిన బట్టలు కూడా నా తలుపులో ఆరుతూ కనిపించాయి. కాకా కుర్చీ మడుచుకుంటూ, ఫరవాలేదు అన్నట్టు తలాడించాడు.

అప్పట్నుంచి ఆదివారం పొద్దున నేను వేరే పని పెట్టుకోలేదు. మా ఆవిడ నన్ను చూసి, పెళ్లిచూపులప్పుడు కూడా మొహం ఇంత మెల్లగా తుడుచుకుని ఉండడని అమ్మకు చెప్పి నవ్వేది. నేను పట్టించుకునేవాణ్ని కాదు.

ఇలా ఉండగా ఊరి నుంచి మా చిన్నమ్మ మనవరాలి లగ్నపత్రిక వచ్చింది. అమ్మకు ఈమధ్య సన్న అక్షరాలు ఆనడం లేదు. పత్రికను మా అమ్మాయి చేతికిచ్చి చదవమంది. మా అమ్మాయి చదివేది మరాఠీ బడిలో. దుకాణాల బోర్డులన్నీ గడగడా చదివేస్తుంది. తెలుగు మాట్లాడుతుంది గానీ అక్షరాలు రావు. పత్రికను ఇటు తిప్పి అటు తిప్పి, చివరికి గణపతి బొమ్మ మీద వేలు పెట్టి, "బాపమ్మా, ఇది గణపతి. బాకీ మలా నాహీ యేత్" అంది, మిగతాది నాకు రాదని. అమ్మ ఆ పిల్లనూ పత్రికనూ చాలాసేపు చూసింది. పత్రిక నేనే చదివి వినిపించాను. మోకాళ్లు సహకరించవని ఆమె ఆగిపోయింది. పెళ్లికి నేనొక్కణ్నే బస్సులో పోయాను. కారు గల్లీలోనే ఉంది.

పెళ్లి ముగించుకుని, చుట్టాలను చూసుకుని తిరిగొచ్చేసరికి కారు మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంటుందని నాకు తెలుసు. పొద్దున రిక్షా దిగి, సంచీ భుజానికేసుకుని గల్లీ మలుపు తిరుగుతుంటే మా అమ్మ గొంతు వినిపించింది.

"ఎ. ఏ. ఐ. గట్టిగ అను బిడ్డా, నాకు ఇనవడ్తలేదు."

"ఎ. ఏ. ఐ." అని అంతకంటే గట్టిగా మా అమ్మాయి గొంతు.

దగ్గరికి పోయి చూశాను. అమ్మ బానెట్ ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. మా అమ్మాయి స్టూలు మీద నిలబడి ఉంది. తెల్లటి దుమ్ము నిండిన బానెట్ మీద, అరచేతంత అక్షరాలు, అ నుంచి అః దాకా, వేలితో రాసి ఉన్నాయి. దుమ్ము పోయిన చోట కింది నలుపు నిగనిగలాడుతోంది. తలుపు మీద కూడా క, ఖ మొదలైపోయాయి. కాకా నా బుగ్గ మీద పీలిక రాసినప్పటి చురుకు మళ్లీ తగిలినట్టైంది.

"బాపూ, బఘ్ నా, చూడు. నాకు అన్నీ వచ్చినై" అని మా అమ్మాయి స్టూలు మీద గెంతింది.

అమ్మ నావైపు తిరిగింది. "పల్క యాడ దొర్కుతది గీ ఊర్ల? పుస్తకంల నేను రాస్తె నాకే కనవడది. గిదైతె మంచిగ నల్లగ, పెద్దగ ఉన్నది. చూడు, మూడు దినాలల్ల నేర్సింది" అంది. ఆమె మొహంలో అంత వెలుగు చూసి చాలా కాలమైంది.

మా ఆవిడ మెట్ల మీద నిలబడి ఉంది. "నేను బజారు నుంచి వచ్చేవరకే ఊ దాక రాసిన్రు. ఇగ ఏమనాలె?" అని మెల్లగా అంది.

మా అమ్మాయి చేత అన్నీ మరోసారి చదివించాను. నిజంగానే తడుముకోకుండా చదివింది. నాకు సంతోషంగా ఉంది, కానీ కళ్లు మాటిమాటికీ బానెట్ మీదికే పోతున్నాయి. ఎవరూ లేనప్పుడు కడుగుదామనుకున్నాను, కానీ ఆత్రం ఆగలేదు. సంచీ దించి, లుంగీ కట్టుకుని, నీళ్లు పోశాను. దుమ్ముతోపాటు అక్షరాలన్నీ కారిపోయాయి. హమ్మయ్య అనుకున్నాను. గుడ్డతో తడి తీసేలోపు ఎదురింటి కప్పు మీంచి ఎండ ఏటవాలుగా వచ్చి బానెట్ మీద పడింది. అప్పుడు తేలాయి. వెంట్రుకవాసి గీతలతో, అ నుంచి అః దాకా, ఒక్కటి కూడా తప్పకుండా.

కాకా వచ్చి వంగి చూశాడు. గోరు పెట్టి అటూ ఇటూ లాగాడు. గోరు దిగలేదు. "పైపొరే గీసుకుంది. పాలిష్ పడితే పోతుంది" అన్నాడు. తర్వాత కళ్లజోడు సవరించుకుని, "ఇంతకీ ఏం రాసి ఉంది?" అని అడిగాడు.

అమ్మకు అప్పుడు అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా ఏలు ఇరగ. దుమ్ము మీద రాస్తె గీతలు పడ్తయని నాకేం ఎర్క" అంది. ఆ మాట మాత్రం గల్లీకి వినిపించలేదు.

మర్నాడు ఆమె కిందికి దిగలేదు. ఆ మర్నాడూ దిగలేదు. మా అమ్మాయి బడి నుంచి వచ్చి కుర్చీ వేసి పిలిస్తే, మోకాళ్లు నొప్పంది. గీతలకంటే ఇదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. సాయంత్రం పైకి పోయి ఆమె పక్కన కూర్చున్నాను.

"ఏమైందే అమ్మా, కిందికి వస్తలేవు?"

"ఏమని రావాలె? కొడుకు కారు గీకిందని గల్లీ అంత చెప్పుకుంటున్నరు."

"చెప్పుకోని. గా గీతలు చదువచ్చేటోళ్లు మన గల్లీ పిల్లలల్ల ఎంతమంది ఉన్నరు? మన పొల్ల ఒక్కతే."

"ఋ ఒక్కటి సరిగ రాస్తలేదు. నేనే దాని ఏలు పట్టి గట్టిగ దిద్దిచ్చిన" అంది. నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు. ఆమె కూడా నవ్వింది.

కాశేలి గోదాముల దగ్గర పాలిష్ పట్టే దుకాణం ఒకటుంది. ఆ వారమే అమ్మనూ అమ్మాయినీ కారులో ఎక్కించుకుని అక్కడికి పోయాను. అమ్మ ముందు సీట్లో కాళ్లు దగ్గరికి తీసుకుని, ఏదీ ముట్టుకోకుండా కూర్చుంది. దుకాణం అతను బానెట్ మీద లైటు వేసి చూసి, "యే కన్నడ్ హై క్యా?" అని అడిగాడు. అమ్మ అంతవరకూ తలొంచుకుని ఉన్నదల్లా చటుక్కున తలెత్తింది. "కన్నడ్ నహీ. తెలుగు. హమారా తెలుగు" అంది, ఆ షెడ్డంతా వినిపించేలా.

అతను మిషను ఆన్ చేశాడు. మిషను ఒక్కో అక్షరం దగ్గరికి వస్తుంటే మా అమ్మాయి దాన్ని గట్టిగా చదివేది. చదవగానే అది మాయమయ్యేది. సగం అయ్యేసరికి అతను కూడా ఆ ఆటలో పడి, పిల్ల చదివేదాకా ఆగి మరీ మిషను ఆనించసాగాడు. పిల్లకు దిగులేస్తుందేమోనని అమ్మ వైపు చూశాను. అమ్మ మాత్రం తేలిగ్గా అంది: "నేర్సినంక పల్క తుడ్సుడే గద. గంతే."

అన్నీ పోయాయి, ఋ తప్ప. అది లోతుగా దిగిందని, ఇంకా రుద్దితే రంగు పలచబడుతుందని అతను ఆపేశాడు. ఇప్పటికీ ఉంది. ఎండ ఒక వాటంగా పడితేనే కనపడుతుంది.

తర్వాతి ఆదివారం మామూలుగా కారు కడుగుతున్నాను. దుమ్మంతా నీళ్లతో వదిలించి, షాంపూ నురుగు బానెట్ నిండా పరిచాను. మా అమ్మాయి వేలు పైకెత్తి, నా మొహం వైపు చూస్తూ నిలబడింది. నేను కాకా వైపు చూశాను. కాకా కుర్చీలో ముందుకు వంగి, పెద్ద ఆపరేషన్ ముందు డాక్టరు ఆలోచించినట్టు ఆలోచించాడు. "ఇసుక పోయింది కదా. నురుగులో రాస్తే ఏం కాదు. గోరు తగలకుండా, వేలి మెత్తదనంతోనే రాయాలి" అన్నాడు.

అమ్మకు ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది. గాజులు పైకి నెట్టుకుని మెట్లు దిగింది. క గుణింతం మొదలైంది. నురుగు కిందికి జారేలోపు రాయాలి కాబట్టి పిల్ల చెయ్యి కూడా చురుగ్గా సాగింది. దీర్ఘం పెట్టేలోపే క జారి లైటు మీదికి పోతే గల్లీ అంతా నవ్వు. పక్కిళ్ల పిల్లలు చేరారు. వాళ్లలో మన తెలుగు వాళ్లున్నారు, మరాఠీ వాళ్లున్నారు, ఉత్తరాది వాళ్లున్నారు. తలా ఒక తలుపు పంచుకున్నారు. కాకా ఉండబట్టలేక లేచి వచ్చి, "తాయీ, కాకా అని ఎట్లా రాస్తారు?" అని అమ్మను అడిగాడు. అమ్మ చూపించింది. మొదట తలకట్టు కిందికి పెట్టాడు. రెండోసారి సరిగ్గా రాసి, చేతులు నడుము మీద పెట్టుకుని చూసుకున్నాడు.

ఆ సందట్లో నల్లా ఆగిపోయింది. నేను మగ్గు పట్టుకుని పోయి చూస్తే డ్రమ్ము అడుగంటింది. ఆ పొద్దునే మా ఆవిడ దుప్పట్లు ఉతికిందట. ఎండ గల్లీలోకి దిగుతోంది. నురుగు ఎండిపోతే మరకలు పడతాయని కాకా కంగారు పడసాగాడు. నేను ఎవరింట్లో బకెట్ నీళ్లు దొరుకుతాయా అని అటూ ఇటూ చూస్తున్నాను. ఇంతలో మా ఆవిడ రెండు చేతులా రెండు బిందెలు పట్టుకుని మెట్లు దిగింది.

"తాగే నీళ్లా?" అంది అమ్మ.

"ఏం జెయ్యాలె అత్తమ్మా. గిప్పుడు మరకలు పడ్డయంటె మీ కొడుకు వారం దాక మొఖం ఏలాడేసుకుంటడు. దానికంటె గివి పోసుడే నయం" అంటూ పైకప్పు మీంచి మెల్లగా, విసరకుండా జారవిడిచింది. గుణింతమూ, కాకాలూ, పిల్లల పేర్లూ అన్నీ కలిసి గల్లీ కాలువలోకి పోయాయి. పిల్లలంతా అమ్మ చీర ముక్కలు తలొకటి అందుకుని, ముందు నుంచి వెనక్కి సూటిగా తడి తీశారు.

ఇంట్లో గ్లాసెడు నీళ్లు లేవు. సంగతి తెలిసి కాకా భార్య పెద్ద గిన్నెతో చాయ్ పంపింది. మెట్ల మీద వరసగా కూర్చుని తాగాం. పక్క కార్ఖానాలో సాంచాలు ఆడుతూనే ఉన్నాయి, తడి ఆరిన కారు మీదికి అప్పుడే కొత్త నుసి దిగుతోంది. అమ్మ చాయ్ ఊదుకుంటూ, వచ్చే ఆదివారానికి ఏ గుణింతం చెప్పాలా అని మా అమ్మాయితో బేరమాడుతోంది.